హైస్కూల్ డ్రాయింగ్ క్లాసులో యానిమే కలరింగ్: గీత మనం ఇద్దాం, రంగు వాళ్లు తేల్చుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు ఈ ఏడాదే హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరారు. పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలు. సగం మందికి పైగా యానిమే, అంటే జపాన్ యానిమేషన్ బొమ్మలంటే ప్రాణం, నోటుపుస్తకాల చివరి పేజీల నిండా అవే. యానిమే పాత్రల అవుట్‌లైన్లు ప్రింట్ తీసి రంగులు వేయిద్దామని మీరు అనుకుంటే, సీనియర్ ఒకరు "రంగులు నింపడం చిన్నపిల్లల పని, హైస్కూల్‌కి వచ్చాక కూడా అదేనా" అన్నారు. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎలా ఇవ్వాలి, మార్కులు దేనికి వేయాలి అని అడిగారు.

ఇవ్వండి. ఇరవై ఏళ్లకు పైగా ఈ వయసు పిల్లలతోనే పని చేస్తున్నాను, అందులో పదేళ్లుగా యానిమే షీట్లు వాడుతూనే ఉన్నాను. ఒక్క షరతు మాత్రం ఉంది. అవుట్‌లైన్ మీరు ఇచ్చినా, రంగుకు సంబంధించిన నిర్ణయాలన్నీ పిల్లలే తీసుకోవాలి. ఆ నిర్ణయాలు కూడా ముందే అయిపోయి ఉంటే మీ సీనియర్ చెప్పిందే నిజం, అది వట్టి టైమ్‌పాస్.

ఈ మాట ఎందుకంటున్నానో నా మొదటి ప్రయత్నం చెబితే తెలుస్తుంది. పిల్లలందరికీ బాగా తెలిసిన ఒక పాత్ర అవుట్‌లైన్ ప్రింట్ తీసి ముప్ఫై ఎనిమిది మందికీ పంచాను. పీరియడ్ అంతా క్లాసు నిశ్శబ్దంగా ఉంది. ఎప్పుడూ కుదురుగా కూర్చోని వెనక బెంచీ కూడా తల ఎత్తలేదు. చాలా బాగా జరిగిందనుకున్నాను. సాయంత్రం షీట్లన్నీ బల్ల మీద పరిచి చూస్తే ముప్ఫై ఎనిమిదీ ఒకటే బొమ్మ. జుట్టుకు అదే పసుపు, చొక్కాకు అదే నారింజ, ఎక్కడా ఒక ఛాయ కూడా తేడా లేదు. వాళ్లు చేసింది రంగు ఆలోచించడం కాదు, గుర్తు తెచ్చుకోవడం. ఆ పాత్రకు ఏ రంగు ఎక్కడ ఉండాలో జపాన్‌లో ఎవరో ఎప్పుడో తేల్చేశారు. నా పిల్లలు ఆ జవాబును చూసి రాసినట్టు రాశారు. గీత దాటకుండా నింపడం తప్ప వాళ్లు నేర్చుకోవడానికి నేనేమీ మిగల్చలేదు.

మీ సీనియర్ అభ్యంతరానికి గట్టి ఆధారమే ఉంది. పిల్లల చిత్రలేఖనం గురించి రాసినవాళ్లలో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ పెద్ద పేరు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో బోధించిన ఆయన 1947లో వచ్చిన తన పుస్తకంలో కలరింగ్ పుస్తకాలను తీవ్రంగా వ్యతిరేకించాడు. తనకు తోచినట్టు పక్షిని గీసుకునే పిల్ల చేతికి అచ్చులో ఉన్న పక్షిని ఇస్తే, తన పక్షి మీద తనకే నమ్మకం పోతుందన్నది ఆ వాదన సారం. చిన్నపిల్లల విషయంలో నేనూ అదే నమ్ముతాను. ఆరేళ్ల పిల్లకు ఖాళీ కాగితమే ఇవ్వాలి.

హైస్కూల్ వయసు వేరు. అదే లోవెన్‌ఫెల్డ్ పిల్లల బొమ్మల ఎదుగుదలను దశలుగా విడదీసినప్పుడు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య ఒక మలుపు చూపించాడు. అప్పటివరకు గీస్తూ ఉండటమే ఆనందం. అక్కడి నుంచి గీసిన బొమ్మ చివరికి ఎలా వచ్చిందన్నది ముఖ్యమైపోతుంది. పిల్లలు తమ బొమ్మను పరాయివాళ్ల కళ్లతో చూడటం మొదలుపెడతారు. కంటికి కనిపించింది చేతికి రావడం లేదని వాళ్లకే తెలిసిపోతుంది. "నాకు డ్రాయింగ్ రాదు మేడమ్" అనే మాట నేను ఎక్కువగా వినేది సరిగ్గా ఈ వయసులోనే. అలా అన్న పిల్లవాడికి తెల్ల కాగితం ఇచ్చి "నీ ఊహతో గియ్యి" అంటే వాడికది స్వేచ్ఛలా అనిపించదు, టెన్షన్ పెడుతుంది. వాడికి గీతను కొంతకాలం అప్పు ఇవ్వొచ్చు. ఈత నేర్చుకునేవాళ్లు గట్టు పట్టుకుని ముందు కాళ్లు ఆడించడం నేర్చుకున్నట్టే ఇదీ. ముఖం కొలతలు, కళ్ల మధ్య దూరం, వేళ్లు, ఇవేవీ ఆలోచించకుండా రంగు ఒక్కదాని మీదే మనసు పెట్టడానికి వీలవుతుంది.

ఇక యానిమేనే ఎందుకు? పిల్లలకు ఇష్టం కాబట్టి అన్నది సగం జవాబే. మిగతా సగం ఆ బొమ్మలకు రంగు వేసే పద్ధతిలో ఉంది. రంగు పాఠానికి ఇంతకంటే స్పష్టమైన నమూనా నాకు దొరకలేదు.

కంప్యూటర్లు రాకముందు యానిమే బొమ్మను సెల్ అనే పారదర్శకమైన షీటు మీద తయారుచేసేవారు. ముందువైపు గీత, వెనకవైపు రంగు. వెనక నుంచి వేస్తారు కాబట్టి కుంచె జాడలు ముందుకు కనబడవు, రంగు సాఫీగా, చదునుగా ఉంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. టీవీ యానిమేలో ఒక్కో బొమ్మను తరచుగా మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు, అంటే సెకనుకు 8 బొమ్మలు. అలా పొదుపు చేసినా ఒక్క ఎపిసోడ్‌కు వేల బొమ్మలకు రంగు వేయాలి, వేసేవాళ్లు చాలామంది ఉంటారు. అందరి చేతిలోనూ ఒకేలా రావాలంటే మెల్లగా కరిగిపోయే షేడింగ్ కుదరదు. అందుకే అసలు రంగు ఒకటి, నీడ రంగు ఒకటి, అవసరమైతే మెరుపు ఒకటి అని స్థిరపడింది. రెండింటి మధ్య అంచు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. ఆ అంచు ఎక్కడ పడాలో బొమ్మ గీసే దశలోనే కలర్ పెన్సిల్‌తో గీసి పెట్టేస్తారు. 1990ల చివరి నుంచి స్టూడియోలు కంప్యూటర్‌కు మారాయి, సెల్ పద్ధతిని చివరిదాకా పట్టుకున్న టీవీ సీరియల్ కూడా 2013లో వదిలేసింది. కానీ రెండు రంగుల లెక్క ఇప్పటికీ అదే.

టీచరుకు ఇది ఎంత పనికొస్తుందో చూడండి. మామూలుగా షేడింగ్ నేర్పేటప్పుడు పిల్లలు పెన్సిల్ పొడిని వేలితో రుద్ది ముఖమంతా మసకగా చేస్తారు. వెలుతురు ఎటు నుంచి వస్తోందో వాళ్లూ ఆలోచించరు, మసకలో ఆ తప్పు మనకూ కనబడదు. యానిమే పద్ధతిలో అలా తప్పించుకునే దారి లేదు. ముక్కు నీడ ఎటువైపో తేల్చి గీత గీయాలి. తప్పయితే తప్పు అని పక్క బెంచీ పిల్లకు కూడా తెలిసిపోతుంది.

ఇంకో విషయం మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. యానిమే స్టూడియోల్లో రంగులు నిర్ణయించడానికే ప్రత్యేకంగా ఒక బాధ్యత ఉంటుంది. జపనీస్‌లో షికిసై సెక్కెయ్ అంటారు, రంగుల రూపకల్పన అన్నమాట. జపాన్‌లోని ప్రసిద్ధ యానిమే సంస్థ స్టూడియో జిబ్లీ సినిమాలకు ఎన్నో ఏళ్లు ఈ పని చేసిన మిచియో యసుదా (1939–2016) పేరు పిల్లలు ఎప్పుడూ విని ఉండరు. గీసినవాళ్ల పేర్లు మాత్రం తెలుసు. రంగు తేల్చడం కూడా ఒక ఉద్యోగమని, దాంట్లో జీవితమంతా గడిపినవాళ్లు ఉన్నారని చెప్పిన రోజు క్లాసులో ఇద్దరు ముగ్గురి ముఖాలు మారడం చూశాను. గీత రాదని మూల కూర్చునే పిల్లల ముఖాలవి.

రంగుల రూపకల్పన చేసేవాళ్లు పాత్రకు ఒకే జాబితా ఇచ్చి ఊరుకోరు. పగటికి ఒకటి, సాయంత్రానికి ఒకటి, రాత్రికి ఒకటి తయారుచేస్తారు. తెల్ల చొక్కాను రాత్రి సన్నివేశంలో తెల్లగా వేయరు. నీలం కలిసిన బూడిద రంగు వేస్తారు. అయినా చూసేవాళ్లకు అది తెల్ల చొక్కాలాగే అనిపిస్తుంది. నా పాఠం మొత్తం ఇక్కడి నుంచే పుట్టింది.

దాన్ని మేం "ఒకే ముఖం, మూడు వేళలు" అంటాం. ఒక్కో విద్యార్థికి ఒకే అవుట్‌లైన్ మూడుసార్లు ప్రింట్ అయిన కాగితం ఇస్తాను. మొదటిది మధ్యాహ్నం ఎండ, రెండోది సూర్యాస్తమయం, మూడోది రాత్రి గదిలో ఒకే దీపం, లేదా ఫోన్ స్క్రీన్ వెలుతురు ముఖం మీద పడుతున్నట్టు. ఫోన్ వెలుతురు పిల్లలకు బాగా నచ్చుతుంది, అది కింద నుంచి పడుతుంది కాబట్టి నీడలన్నీ తలకిందులవుతాయి. పాత్ర ఎవరైనా సరే, దాని అసలు రంగులు వాడటానికి వీల్లేదు. లేదా మధ్యాహ్నం బొమ్మకు మాత్రం వాడుకోవచ్చు, మిగతా రెండూ వాళ్లే తేల్చుకోవాలి. ఫోన్లో వెతికితే జవాబు దొరకదు.

మొదటి పీరియడ్‌లో రంగు పెట్టెలు తెరవనివ్వను. మామూలు పెన్సిల్ మాత్రమే. కాగితం అంచున ఒక బాణం గీసి వెలుతురు ఎటు నుంచో చూపాలి. తర్వాత ముఖం మీద నీడ అంచును సన్నటి గీతగా గీయాలి: ముక్కు కింద, గడ్డం కింద మెడ మీద, నుదుటి మీద పడే జుట్టు కింద, కనురెప్ప కింద. నీడ భాగాన్ని ఒకే పెన్సిల్ బరువుతో నింపాలి. అంతే. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే బొమ్మ కాగితం మీద నుంచి లేచి నిలబడుతుంది. అది చూసి పిల్లలే ఆశ్చర్యపోతారు.

రంగుకు వచ్చేసరికి అందరూ చేసే తప్పు ఒకటే, నీడ అంటే నలుపు కలపడం. చర్మం రంగు మీద నల్ల పెన్సిల్ రుద్దితే మసి పూసినట్టు ఉంటుంది. ఇక్కడ ఆల్బర్ట్ మన్సెల్ అనే అమెరికన్ చిత్రకారుడి లెక్క పనికొస్తుంది. ఆయన 1905లో రంగును మూడు కొలతలుగా విడదీసి చెప్పాడు: అది ఏ రంగు, ఎంత లేత లేక ముదురు, ఎంత గాఢం. నీడలోకి వెళ్తే రంగు ముదురవుతుందని అందరికీ తెలుసు. దానితోపాటు అది రంగుల చక్రంలో తన పక్కనున్న రంగు వైపు కొంచెం జరుగుతుందన్నది పిల్లలు పట్టుకోవాల్సిన విషయం. ఎండలో ఉన్న ముఖం నీడ ఎరుపు, గోధుమ వైపు వెళ్తే ముఖానికి ప్రాణం వస్తుంది. ఆరుబయట తెల్ల బట్టల నీడలో ఆకాశం నీలం కలుస్తుంది. సూర్యాస్తమయంలో వెలుతురు నారింజ, నీడలు ఊదా వైపు. పసుపు నీడకు నలుపు వేస్తే ఆకుపచ్చగా పాడైపోతుంది, గోధుమ లేదా ముదురు నారింజ వేస్తే నిలుస్తుంది. ఇవన్నీ నేను బోర్డు మీద రాయను. ప్రింట్ వెనక చిన్న చిన్న చతురస్రాలు గీయించి, ఒక్కో నీడకు మూడు మిశ్రమాలు పరీక్షించి, నచ్చినదాన్ని టిక్ పెట్టమంటాను. ఆ చతురస్రాలు నాకు బొమ్మ కంటే ముఖ్యం.

ఒకసారి ఓ అమ్మాయి రాత్రి బొమ్మ పట్టుకుని వచ్చింది. "బూడిద రంగు వేశాను మేడమ్, కానీ నారింజగా కనిపిస్తోంది. పెన్సిల్ పాడైందేమో" అంది. చుట్టూ ఆమె వేసిన నీలం అంత గాఢంగా ఉంది మరి. వేరే కాగితానికి కన్నం పెట్టి, ఆ కన్నంలోంచి బూడిద రంగు ఒక్కటే కనిపించేలా చూపించాను. మళ్లీ మామూలు బూడిదే. ఆ కాగితం తీసేస్తే నారింజ. క్లాసంతా వరసగా వచ్చి చూశారు. అప్పుడు వాళ్లకు మిషెల్ యూజెన్ షెవ్రూల్ కథ చెప్పాను. ఫ్రాన్స్‌లో గోబెలాన్ నేత కేంద్రంలో రంగుల విభాగం అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త. నల్ల దారం రంగు బలంగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షిస్తే నల్లరంగులో లోపం ఏమీ లేదు. దాని పక్కన నేసిన నీలం, ఊదా దారాలు దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయి. ఆ పరిశీలనే పెరిగి 1839లో ఆయన పెద్ద గ్రంథంగా వచ్చింది. రంగును పక్క రంగుతో కలిపే చూస్తామన్న సంగతి పుస్తకంలో ఉన్న పాఠంగా కాక, తన కాగితం మీద జరిగిన వింతగా ఆ అమ్మాయికి తెలిసింది. ఖాళీ కాగితంతో మొదలుపెట్టి ఉంటే ఆ పీరియడ్‌లో ఆమె ఇంకా కన్ను గీసి చెరుపుతూ ఉండేది.

కళ్లు, జుట్టు గురించి రెండు మాటలు. యానిమే కంట్లో పైభాగం ముదురుగా, కిందికి వచ్చేకొద్దీ లేతగా ఉంటుంది. పైరెప్ప నీడ కంటిమీద పడటం దానికి కారణం. తెల్ల మెరుపు చుక్క రంగుతో వేసేది కాదు, వదిలేసే కాగితం. దాన్ని ముందే పెన్సిల్‌తో చుట్టి పెట్టుకోకపోతే అందరూ పూసేస్తారు. జుట్టు మీద తల చుట్టూ తిరిగే వెలుగు పట్టీని జపాన్‌లో తెన్షి నో వా అంటారు, దేవదూత వలయం అని. పిల్లలు దాన్ని అలంకారం అనుకుని అడ్డంగా తిన్నటి గీత గీస్తారు. అది తల గుండ్రంగా ఉందని చెప్పే గుర్తు కాబట్టి తల వంపుతో పాటే వంగాలి.

వేసిన రంగుల్లో లేత, ముదురు తేడా సరిపోయిందో లేదో చూడటానికి ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. రంగుల్లో ఎంతో తేడాగా కనిపించిన ఎరుపు జుట్టు, ఆకుపచ్చ చొక్కా ఒకే బూడిద ముద్దగా మారిపోతే, ఎక్కడ సరిదిద్దాలో పిల్లలకు మనం చెప్పక్కర్లేదు. క్లాసుకు ఒక్క ఫోన్, అది కూడా మీదే అయితే చాలు.

ఈ పాఠాన్ని కళా చరిత్రతో కలపాలంటే ఉకియో-ఎ అనే పాతకాలపు జపాన్ చెక్క అచ్చు బొమ్మల దగ్గరికి వెళ్లండి. అక్కడ చిత్రకారుడు గీసిన గీతను చెక్కేవాడు మూల దిమ్మగా చెక్కుతాడు. దాంతో తీసిన నలుపు ప్రతుల మీద ఏ భాగానికి ఏ రంగో చిత్రకారుడు గుర్తులు పెట్టి ఇస్తాడు. ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మ తయారవుతుంది, అచ్చు వేసేవాడు వాటిని ఒకదాని మీద ఒకటి అద్దుతాడు. 1765 ప్రాంతంలో సుజుకి హరునోబు కాలానికి ఇది పూర్తి రంగుల్లోకి వచ్చింది. అంటే రంగుల కోసం గుర్తులు పెట్టిన అవుట్‌లైన్ కాగితం రెండున్నర శతాబ్దాల క్రితమే ఆ కళలో ఒక ముఖ్యమైన మెట్టు. ఈ పద్ధతిలోనే వచ్చిన హొకుసాయ్ అల బొమ్మ పిల్లలకు ఎలాగూ తెలుసు. అందులో ఎన్ని నీలాలు ఉన్నాయో లెక్కపెట్టమంటే, మంచి ప్రింట్ చూపిస్తే, పది నిమిషాలు ఎవరూ పక్కకు చూడరు.

సామగ్రి విషయంలో నేను పడ్డ తిప్పలు మీరు పడకండి. మామూలు జిరాక్స్ కాగితం మీద కలర్ పెన్సిల్ రెండు పొరలకే నున్నగా జారిపోతుంది, స్కెచ్ పెన్ వెనక్కి కారుతుంది. 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పైన ఉన్న మందపాటి కాగితం మీ ప్రింటర్ తీసుకుంటే అదే వాడండి. ఇంక్‌జెట్ ప్రింట్ మీద వాటర్ కలర్ వేయించకండి, చాలా ఇంకుల్లో నల్లగీత కరిగి ముఖమంతా పాకుతుంది. నీళ్ల రంగులకు లేజర్ ప్రింట్ లేదా జిరాక్స్ ప్రతి నయం. ఇంకో చిట్కా, అవుట్‌లైన్‌ను నల్లగా కాకుండా లేత బూడిద రంగులో ప్రింట్ తీయండి. రంగులు అయ్యాక గీతను వాళ్లే పెన్నుతో మళ్లీ గీస్తారు, ఎక్కడ లావు ఎక్కడ సన్నం అన్నది వాళ్ల ఇష్టం. అచ్చు గీత వాళ్ల గీతగా మారడం అక్కడే మొదలవుతుంది. ఈ వయసుకు కలర్ పెన్సిళ్లే నా మొదటి ఎంపిక. తప్పు నెమ్మదిగా జరుగుతుంది, కాబట్టి మధ్యలో ఆలోచించే వీలుంటుంది.

రెండు సంగతులు మాత్రం మనసులో పెట్టుకోండి. ఒకటి చర్మం రంగు. ఏ పాత్ర ఇచ్చినా పిల్లలు చేయి చాచేది ఆ ఒక్క లేత గులాబీ పెన్సిల్ వైపే. దాన్ని పెట్టె మీదే చర్మం రంగు అని రాసి అమ్మడం కూడా ఒక కారణం. నేను ఒక పీరియడ్ తమ చేతి వెనక భాగాన్ని చూసి ఆ రంగును మూడు పెన్సిళ్లతో కలిపి తెప్పించమంటాను. పసుపు, గోధుమ, ఎరుపు, కొంచెం నీలం... ఏ ఇద్దరి మిశ్రమమూ ఒకటి కాదు. తర్వాత వచ్చే బొమ్మల్లో ముఖాల రంగులు మారతాయి, నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు. ఈ మార్పు నాకు అన్నిటికంటే ముఖ్యం. తన రంగులో ఉన్న ముఖాన్ని తనకు నచ్చిన పాత్రగా వేసుకున్న పిల్ల, ఆ కాగితాన్ని ఎలా పట్టుకుంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. రెండోది వర్ణాంధత్వం. యూరప్ మూలాలున్న జనాభాలో మగవాళ్లలో దాదాపు 8 శాతానికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ఇతర జనాభాల్లో ఇది తక్కువే, కానీ ఎక్కడైనా మగపిల్లల్లోనే ఎక్కువ. ఆకుపచ్చ ముఖం వేసిన పిల్లవాడిని అందరి ముందూ ఏమీ అనకండి. పెన్సిళ్ల మీద పేర్లు రాసి పెడితే చాలు. లేత, ముదురు తేడా వాడు మిగతావాళ్ల కంటే బాగా పట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది, అప్పు ఇచ్చిన గీతను వెనక్కి తీసుకోవడం. ఏడాది పొడుగునా షీట్లు పంచితే లోవెన్‌ఫెల్డ్ భయపడిందే జరుగుతుంది. నా లెక్కలో పూర్తి అవుట్‌లైన్ నాలుగైదు పీరియడ్లకు మించకూడదు. ఆ తర్వాత సగం ముఖం మాత్రమే ఉన్న షీటు ఇస్తాను, రెండో సగం వాళ్లు గీయాలి. ఇక్కడ మొదటిసారి చేయి వణుకుతుంది, కానీ పక్కనే ఆసరా ఉంది కాబట్టి ఎవరూ వదిలేయరు. దాని తర్వాత తల, భుజాల ఆకారం మాత్రమే ఉన్న షీటు. జుట్టు, కళ్లు, బట్టలు వాళ్లవే. చివరికి ఖాళీ కాగితం, సొంత పాత్ర, దానికి మూడు వేళల రంగుల జాబితా. ఈ చివరి మెట్టుకు వచ్చేసరికి కొందరు యానిమే శైలిని వదిలేసి తమ చెల్లెల్ని, పెంపుడు కుక్కను పాత్రగా తెస్తారు. కొందరు అచ్చంగా యానిమేలోనే ఉంటారు. రెండూ మంచివే. నచ్చిన బొమ్మను అనుకరిస్తూ గీత నేర్చుకోవడం తప్పేమీ కాదు, ఎందరో చిత్రకారులు అలాగే మొదలుపెట్టారు.

మార్కులు శుభ్రతకు వేయకండి. గీత దాటలేదు, నీట్‌గా ఉంది అని పదికి తొమ్మిది ఇచ్చిన రోజున, పిల్లలు ప్రయోగాలు ఆపేస్తారు. నేను చూసేవి ఇవి: వెలుతురు దిశ బొమ్మంతా ఒకేలా ఉందా, నీడ రంగు ఆలోచించి వేసిందా, వెనక చతురస్రాల్లో ఎన్ని ప్రయత్నాలు ఉన్నాయి, కింద రాసిన మూడు వాక్యాల్లో ఎందుకు ఈ రంగు అన్నదానికి కారణం ఉందా. "బాగుంటుందని వేశాను" అని రాస్తే వెనక్కి ఇచ్చి, దేని పక్కన బాగుంది అని అడుగుతాను. బొమ్మ వికారంగా ఉన్నా కారణం స్పష్టంగా ఉంటే మంచి మార్కులే పడతాయి. ఈ సంగతి మొదటి రోజే చెప్పేయండి, తర్వాత గొడవలు ఉండవు.

షీట్లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ జాగ్రత్త కావాలి. ప్రసిద్ధ పాత్రల మీద హక్కులు వాటి సంస్థలవి. క్లాసులో పాఠం కోసం వాడుకోవడానికి చాలా దేశాల చట్టాలు కొంత వెసులుబాటు ఇస్తాయి. అదే షీటును పుస్తకంగా వేసి అమ్మడం, స్కూల్ వెబ్‌సైట్‌లో పెట్టడం వేరే సంగతి, అలా చేయకండి. నెట్‌లో ఉచితంగా దొరికే షీట్లలో ఇప్పుడు ఏఐతో చేసినవి చాలా ఉన్నాయి. ఆరు వేళ్లు, ఎక్కడా కలవని జుట్టు పాయలు కనిపిస్తాయి. ప్రింట్ తీసే ముందు ఒక్క నిమిషం చూడండి. బట్టలు, ఆయుధాలు, రక్తం విషయంలో కూడా ముందే వడపోయండి. అన్నిటికంటే మంచి దారి మీ క్లాసులోనే ఉంది. యానిమే గీసే పిల్లలు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. వాళ్ల సొంత పాత్రను శుభ్రమైన గీతల్లో గీయమని అడిగి, వాళ్ల అనుమతితో దాన్నే క్లాసంతటికీ ప్రింట్ తీయండి. హక్కుల సమస్య పోతుంది, అసలు రంగులు ఎవరికీ తెలియవు కాబట్టి చూసి రాసే సమస్యా పోతుంది. తన గీతకు ముప్ఫై మంది ముప్ఫై రకాల రంగులు వేస్తుంటే ఆ పిల్ల బెంచీల మధ్య ఎలా తిరుగుతుందో చూడాలి మీరు.

పరీక్షల ముందు వారం మాత్రం ఈ నియమాలన్నీ పక్కన పెట్టి, ఏ షీటు అడిగితే ఆ షీటు ఇస్తాను. నాన్సీ కరీ, టిమ్ కాసర్ అనే ఇద్దరు 2005లో 84 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన అధ్యయనంలో, గీతలున్న క్రమబద్ధమైన ఆకారాలకు రంగు వేసినవాళ్ల ఆందోళన ఖాళీ కాగితం మీద రంగు వేసినవాళ్ల కంటే ఎక్కువగా తగ్గింది. అది చిన్న అధ్యయనం, వాళ్లు వాడింది మండలాలనే గుండ్రటి డిజైన్లు, గళ్ల డిజైన్లు. కానీ నా క్లాసులో ఆ వారం నేను చూసేది కూడా అదే. ఆ షీట్లకు మార్కులు ఉండవు.

మీ సీనియర్‌తో వాదన పెట్టుకోకండి. మూడు వేళల షీట్లు పూర్తయ్యాక గోడకు వరసగా పెట్టి, ఒకసారి వచ్చి చూడమని పిలవండి. వెనక చతురస్రాలు కూడా చూపించండి.

మొదటి షీటుగా పూర్తి శరీరం ఉన్న బొమ్మ, చేతిలో కత్తి, ఎగిరే అంగీ ఉన్నది తీసుకోకండి. నింపడానికే రెండు పీరియడ్లు పోతాయి. ముఖం, మెడ, భుజాల వరకే ఉన్నది, నుదుటి మీద జుట్టు బాగా పడుతున్నది, కాగితం నిండా పెద్దగా వచ్చేది ఎంచుకోండి. నుదుటి మీద జుట్టు నీడ వేయించడంతో మొదలుపెట్టండి. అది వేయడం తేలిక, వేసిన వెంటనే తేడా తెలుస్తుంది, తర్వాత మెడ నీడ ఎక్కడ వేయాలో పిల్లలే అడుగుతారు.